పల్లె ప్రార్థన మందిరం చరిత్ర ఎలా రాయాలి? ఒంగోలు పడమటి పల్లెల కథలు, కాగితాలు

చింతతోపు:
సభ్యులందరికీ నమస్కారం. ఒంగోలుకు పడమట మెట్ట ప్రాంతంలో ఉన్న మా పల్లె బాప్టిస్టు ప్రార్థన మందిరం చరిత్రను రాసిపెట్టే పనిని సంఘ పెద్దలు నాకు అప్పగించారు. మందిరం చిన్నది. మొదట మట్టిగోడల మీద తాటాకు కప్పు ఉండేదనీ, తర్వాత బంగాళాపెంకు వేశారనీ, ఇప్పుడున్న మిద్దె మూడవ కట్టడమనీ పెద్దలు చెబుతారు. పగలు పిల్లలకు బడిగా, ఆదివారం ఆరాధనకు గుడిగా ఆ ఒక్క గదే చాలాకాలం పనిచేసింది. భవనం గురించి రాయడానికి నాకు పెద్ద ఇబ్బంది లేదు. దాని చుట్టూ అల్లుకున్న కథలను ఏం చేయాలన్నదే నా ప్రశ్న.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు గుర్రం మీద వచ్చి మా ఊరి చింతచెట్టు కింద దిగారని ఒక కథ ఉంది. ధాత కరువులో (1876–78) మా ముత్తాతల తండ్రులు సముద్రం వైపు నడిచి వెళ్ళి కాలవ తవ్వారని ఇంకొకటి. గుండ్లకమ్మలో ఒక్కరోజున రెండు వేల రెండు వందల ఇరవై రెండు మందికి బాప్తిస్మం ఇచ్చారని మరొకటి. ఇవే కథలు చుట్టుపక్కల పల్లెలన్నింటిలోనూ కొద్ది తేడాలతో వినిపిస్తాయి. వీటిలో చరిత్రగా రాయదగినవి ఏవి, జనం చెప్పుకునే కథలుగానే ఉంచవలసినవి ఏవి అన్నది తెలిసినవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

పాత కాగితాలు:
చింతతోపు గారూ, మీ పని చాలా అవసరమైనది. ముందు కాలక్రమం సరిచూసుకుంటే కథలను దాని పక్కన పెట్టి చూడవచ్చు.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ డే గారు 1836లో తెలుగు దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్ళు గడిచినా సంఘం పెరగకపోవడంతో, ఈ పని మానుకుందామా అన్న చర్చ 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరంలో జరిగిన సభలో వచ్చింది. పటం మీద నెల్లూరు ఒక్కటే ఒంటరి నక్షత్రంలా కనిపిస్తున్నదని ఒక వక్త అనగా, శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ గారు ఆ రాత్రి ‘ఒంటరి నక్షత్రం’ మీద పద్యం రాసి మరునాడు చదివించారనీ, దానితో సభ మనసు మారిందనీ మిషన్ చరిత్రలు చెబుతాయి. మరుసటి ఏడాది 1854 జనవరి 1న, తెల్లవారుజామున, లైమన్ జ్యూయెట్ గారు, ఆయన భార్య, నర్సు అనే తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలు ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ కొండనే ఇప్పుడు ప్రార్థన కొండ అంటున్నాము. జాన్ ఎవరెట్ క్లౌ గారు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది.

ఇక చింతచెట్టు సంగతి. అదే నెలలో క్లౌ గారు తాళ్ళకొండపాడు వెళ్ళి, అక్కడి చింతతోపులో డేరా వేసుకొని, చుట్టుపక్కల పల్లెల నుండి మూటాముల్లెతో వచ్చిన జనంతో కొన్ని రోజులు గడిపారు. చివర 28 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కాబట్టి చింతచెట్టు కథకు గట్టి మూలం ఉంది. ఆ కథ తర్వాత ఊరూరికీ పాకి ఉండవచ్చునని కొట్టిపారేయడం తేలికే కానీ, నేను అంత దూరం వెళ్ళను. ఆ రోజుల్లో పర్యటనకు వచ్చిన ఏ దొరకైనా మెట్ట ఊళ్ళలో డేరాకు నీడనిచ్చేది చింతతోపే. క్లౌ గారు ఏటా నెలల తరబడి పల్లెలు తిరిగినవారు. మీ ఊరి చెట్టు కింద ఆయన దిగలేదని నిరూపించేది ఏదీ లేనప్పుడు, ‘దిగారని పెద్దలు చెబుతారు’ అని రాయడంలో తప్పు లేదు.

గుండ్లకమ్మ ఒడ్డు:
2,222 అన్న అంకె గురించి నేను చెబుతాను. వినగానే ఎవరో అందంగా అమర్చిన సంఖ్యలా ఉంటుంది కాబట్టి బయటివారు నమ్మరు. కానీ ఇది జనం నోట పుట్టిన అంకె కాదు, మిషన్ లెక్కల్లో నమోదైనది. తేదీ 1878 జూలై 3. స్థలం ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి.

ఆ రోజు క్లౌ గారు స్వయంగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అభిషేకం పొందిన తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి, అలసినప్పుడు తరువాతి ఇద్దరికి చోటిస్తూ, ఉదయం కొంతసేపు, మధ్యాహ్నం విరామం తర్వాత సాయంత్రం దాకా, మొత్తం తొమ్మిది గంటలు ఈ పని చేశారు. లెక్క వేసి చూడండి. ఇద్దరికీ సమానంగా పంచితే ఒక్కో వైపు 1,111 మంది. తొమ్మిది గంటలకు 32,400 సెకన్లు. అంటే ఒక్కొక్కరికి దాదాపు 29 సెకన్లు. ఒకరిని నీటిలో ముంచి లేపడానికి, తరువాతివారు వచ్చి నిలబడడానికి అది సరిపోయే వ్యవధి, వరుస ఎక్కడా తెగకుండా ఉంటే. పేర్లు చదివి జనాన్ని ఒడ్డుకు నడిపించే గుమాస్తాలూ బోధకులూ ఎంత క్రమంగా పనిచేసి ఉండాలో ఈ లెక్కే చెబుతుంది.

ఈ సంగతిని మీ చరిత్రలో రాసేటప్పుడు దయచేసి ఒక్క మాట గుర్తుంచుకోండి. చాలా ఊళ్ళలో ‘క్లౌ దొర రెండు వేల మందిని ముంచాడు’ అని చెప్పుకుంటారు. ముంచిన చేతులు మన తెలుగు బోధకులవి. ఈ తేడా చిన్నది కాదు.

మెతుకుసీమ:
నేను మెదక్ వాడిని, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం)లో పెరిగినవాడిని. మీ చర్చ ఆసక్తితో చదువుతున్నాను. ఒక కష్టమైన ప్రశ్న అడుగుతాను, నొచ్చుకోవద్దు.

మా పెద్ద గుడి కథకు కూడా కరువే నేపథ్యం. చార్లెస్ వాకర్ పోస్నెట్ గారు కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరకాలని ఆ కట్టడాన్ని చేపట్టారనీ, పదేళ్ళ పని తర్వాత 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిందనీ అందరికీ తెలుసు. దాని శిఖరం 173 అడుగులు. గుడి చార్మినారును మించిపోతుందేమోనని నిజాం ప్రభుత్వం అభ్యంతరం చెప్పిందన్న కథ మా దగ్గర ప్రతి గైడూ చెబుతాడు. కట్టడం ఎంత పెద్దదైతే కథ అంత పెద్దదవుతుందని నాకు అనిపిస్తుంది. మీ పల్లె మందిరాలకు అలాంటి శిఖరాలు లేవు కాబట్టి, ఆ కథాబలమంతా గుండ్లకమ్మ మీదికీ కాలవ మీదికీ పోయిందేమో.

నా ప్రశ్న ఇది. 1876 నుండి 1878 దాకా ఘోరమైన కరువు. 1878 మధ్యలో వేలమంది బాప్తిస్మం. కరువే జనాన్ని తెచ్చిందని, కూటి కోసం మతం మారారని అనేవారికి మీ చరిత్ర ఏం జవాబు చెబుతుంది? దాన్ని దాటవేసి రాస్తే నమ్మకం కలగదు.

కాలవగట్టు:
మెతుకుసీమ గారి ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబు బకింగ్‌హాం కాలవ కథలోనే ఉంది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

కరువు పనుల కింద మద్రాసు ప్రభుత్వం అప్పుడు తీరం వెంబడి కాలవను కలిపే పని పెట్టింది. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరే తర్వాత దానికి స్థిరపడింది. మతప్రచారానికి రాకముందు క్లౌ గారు అమెరికాలోని మిన్నెసోటాలో భూమి సర్వే పని చేసినవారు. ఆ అనుభవంతో ఆయన మూడున్నర మైళ్ళ కాలవ తవ్వకాన్ని గుత్తకు తీసుకున్నారు. సర్కారు పనిచోట్ల మేస్త్రీలు మాదిగలను తిట్టి తరిమేవారనీ, కూలి సరిగా అందేది కాదనీ, అందుకే తన వాళ్ళకు ఒక చోటు కావాలని ఆ పని ఒప్పుకున్నాననీ ఆయనే రాసుకున్నారు. తవ్వకంలో పైవిచారణ చేసింది బోధకులే. నడుము నొప్పి పెట్టి కూలివాళ్ళు కాసేపు కూర్చున్నప్పుడు పక్కన కూర్చొని ఓదార్చిందీ, చీకటి పడ్డాక మాటలు చెప్పిందీ వారే. ఎక్కడెక్కడి ఊళ్ళవారో అక్కడ కలుసుకున్నారు, విన్నారు, తిరిగి వెళ్ళి తమ పల్లెల్లో చెప్పుకున్నారు. చింతతోపు గారి ఊరివాళ్ళు అంత దూరం నడిచి వెళ్ళారన్నది నాకు పూర్తిగా నమ్మదగినదిగా తోస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. కూలీ సహాయమూ అందుతున్నంత కాలం, దాదాపు పదిహేను నెలలపాటు, క్లౌ గారు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఎంతమంది అడిగినా తరువాత చూద్దామన్నారు. సహాయం ఆగిపోయిందని చెప్పాకే, 1878 జూన్‌లో, మొదలుపెట్టారు. కూటి కోసం వచ్చినవారైతే కూడు ఆగాక రావలసిన పని లేదు. పైగా కరువుకు ముందే, పదేళ్ళలో, సభ్యుల సంఖ్య వేలకు చేరింది.

అలాగని కరువుకు ఏ పాత్రా లేదని నేను వాదించను. ఊరి పెద్దలు, గ్రామదేవతలు, పాత కట్టుబాట్లు ఏవీ ఆదుకోని కాలంలో, తమను పేరుపెట్టి పిలిచి పక్కన కూర్చున్నవారి మాట మనసుకు పట్టడం సహజం. ఇది కూటికి మతం అమ్ముకోవడం కాదు, ఎవరు మనుషులుగా చూశారో గుర్తించడం. మీ చరిత్రలో ఈ రెండూ రాయండి. ఆ పదిహేను నెలల నిరీక్షణను మాత్రం వదిలిపెట్టవద్దు.

అమ్మమ్మ ఊరు:
ఇంతసేపూ దొరల పేర్లే వినిపించాయి. గుండ్లకమ్మ ఒడ్డు గారు మొదలుపెట్టిన మాటను నేను ముందుకు తీసుకువెళ్తాను.

ఈ కథ ఒంగోలు బంగళాలో మొదలు కాలేదు. తాళ్ళకొండపాడులో మొదలైంది. యర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగే మాదిగ పెద్ద. అప్పటికే ఆయన రాజయోగం బోధించే గురువుల దగ్గర కూర్చున్న మనిషి, తనకంటూ శిష్యులున్న మనిషి. ఉత్తరాన తోళ్ళ బేరానికి పోయినప్పుడు క్రైస్తవ బోధ చెవిన పడింది. 1866లో ఆయనా, ఆయన భార్య నాగమ్మగారూ ఒంగోలు వచ్చి బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాతి జనవరిలో క్లౌ గారు తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి తోపులో జనం కూడి ఉన్నారంటే, ఆ మధ్య నెలల్లో ఊరూరా నడిచి చెప్పింది పేరయ్యగారే. ఒంగోలు చుట్టుపక్కల ఏ పల్లె మందిరం చరిత్రయినా రాసేవారు, తమ ఊరికి మొదట వచ్చిన తెలుగు బోధకుడు ఎవరని ముందు అడగాలి. అది తెలిసిన ముసలమ్మలు ఇంకా ఉన్నారు.

రెండవది, కొత్తగా చేరినవారిని అడిగిన మూడు నియమాలు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. ఈనాడు చదివితే ఇవి మతాచారాల జాబితాలా కనిపిస్తాయి. ఆనాటి పల్లెలో ఒక్కొక్కటీ ఊరితో తగవే. వెట్టికి పిలిచిన రోజు ఆదివారమైతే రానని చెప్పాలి. చచ్చిన గొడ్డును లాగి, తోలు తీసి, ఆ మాంసమే కూలిగా తీసుకునే వాడుకను కాదనాలి. జాతరలో డప్పు కొట్టననాలి. డప్పు లేకుండా ఊరి కొలుపు ఎలా జరుగుతుంది? అందుకే బావి నీళ్ళు ఆపారు, పని మాన్పించారు, దొంగతనాలు అంటగట్టి ఠాణాకు ఈడ్చారు. కోర్టుల దాకా పోయిన తగాదాలు ఉన్నాయి. మా అమ్మమ్మ చెప్పిన కథల్లో దొర గుర్రం కంటే ఈ బావి తగాదాయే ఎక్కువసార్లు వచ్చేది. మీ ఊరి మందిరం ఊరికి ఏ దిక్కున ఉంది, దాని పక్కన బావి ఎప్పుడు తవ్వారు అన్నది తప్పక రాయండి, చింతతోపు గారూ. మందిరం పక్క బావి చాలా ఊళ్ళలో అలంకారం కాదు.

మూడవది, ఆడవాళ్ళు. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చే పిడికెడు బియ్యం కానుక ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో ఉంది. ఉపదేశి కుటుంబం తిన్నది చాలావరకు ఆ బియ్యమే. శిలాఫలకం మీద విరాళం ఇచ్చినవారి పేర్లుంటాయి, ఈ పిడికిళ్ళ లెక్క ఎక్కడా ఉండదు. అలాగే పాటలు. పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) కీర్తనలు రాగతాళాలతో సహా ఆడవాళ్ళ నోట నిలిచాయి. అక్షరం రాని అమ్మమ్మకు పుస్తకంలోని చరణాలన్నీ వచ్చు. ఎవరు ఏ పాట ఎత్తుకునేవారో కూడా ఒక సంఘం చరిత్రే.

చింతతోపు:
అమ్మమ్మ ఊరు గారికి ప్రత్యేక ధన్యవాదాలు. మా మందిరం పక్కన బావి ఉంది. దాని గట్టు మీద సంవత్సరం చెక్కి ఉంది. దాని వెనుక తగవు ఉండవచ్చునన్న ఆలోచన నాకు రాలేదు, పెద్దలను అడుగుతాను.

ఇంకొక కథ గురించి మీ అభిప్రాయం కావాలి. తాళ్ళకొండపాడు మాదిగలు సంఘంలో చేరడం మొదలుపెట్టగానే, ఒంగోలు బడిలో చదువుతున్న పైకులాల పిల్లలు, వాళ్ళను చేర్చుకుంటే మేము రామని చెప్పారట. ఏం చేయాలో తోచక క్లౌ గారు ఒక గదిలో, ఆయన భార్య ఇంకొక గదిలో విడివిడిగా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ ఒకే చోటు వచ్చిందట. అది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం, 26వ వచనం నుండి. లోకంలో నీచులైనవారినీ తృణీకరింపబడినవారినీ దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాటలు. మా సంఘంలో ఇది ఎంతో ప్రేమతో చెప్పుకునే కథ. దీన్ని ఏ వర్గంలో పెట్టాలి?

పాత కాగితాలు:
ఇది ఊళ్ళో పుట్టిన కథ కాదు, క్లౌ గారు స్వయంగా చెప్పుకున్న అనుభవం. ఆ గదుల్లో ఏం జరిగిందో సాక్ష్యం చెప్పగలిగినవారు ఆ ఇద్దరే. కాబట్టి ‘క్లౌ గారు ఇలా చెప్పారు’ అని రాస్తే సరిపోతుంది. కానీ ఆ రోజు తీసుకున్న నిర్ణయం మాత్రం అందరి ఎదుటా జరిగింది. పైకులాల పిల్లలు బడి వదిలిపోయారు, మాదిగలు సంఘంలోకి వచ్చారు. ఒంగోలు మిషన్ దారి అక్కడ మారిపోయింది. బైబిలు తెరిచిన కథను జనం ఇంత కాలం మోసుకొచ్చింది అద్భుతం కోసం కాదనుకుంటాను. తమను ఎంచుకోవడానికి ఒక పెద్ద బడినే వదులుకున్నారన్న సంగతి అందులో ఉంది.

ఇంకొక విషయం కూడా చెప్పాలి. క్లౌ గారి రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గారు ఈ ప్రాంతపు మాదిగల నోటి కథలను సేకరించి 1899లో ఆంగ్లంలో గ్రంథంగా వెలువరించారు. మాదిగలు కొలిచే మాతంగి దేవత కథలు, అరుంధతి కథలు, పేరయ్యగారి వంటివారు ఆశ్రయించిన యోగుల సంగతులు, సంఘంలో చేరకముందు వారి వెతుకులాట అందులో ఉన్నాయి. మీ పల్లె చరిత్ర 1867తోనో 1878తోనో మొదలు కానక్కరలేదు. అంతకుముందు మీ ఊరివాళ్ళు ఎవరిని నమ్మారు, ఏ గురువు దగ్గర కూర్చున్నారు అన్నది కూడా ఆ మందిరం కథలో భాగమే.

సువార్త దీపం:
పెద్దలు క్షమించాలి, ఈ చివరి మాటతో నేను ఏకీభవించలేను. మందిరం చరిత్ర పుస్తకం ఆరాధనలో పంచుతారు, పిల్లలు చదువుతారు. అందులో మాతంగి కథలూ యోగుల కథలూ చేర్చితే, మా తాతలు ఎంతో నష్టపోయి వదిలిపెట్టిన వాటిని మనమే తిరిగి తెచ్చి గుడి మెట్ల మీద పెట్టినట్టు అవుతుంది. డప్పు కొట్టనన్నందుకు దెబ్బలు తిన్నవారి పిల్లలం మనం. ఆ మాట రాసే చేత్తోనే జాతర కథలు కూడా రాయడం వారికి గౌరవం కాదని నా అభిప్రాయం.

అమ్మమ్మ ఊరు:
సువార్త దీపం గారి బాధ నాకు అర్థమవుతుంది, మా ఇంట్లోనూ ఇదే మాట అనేవారున్నారు. కానీ వారు ఏమి వదులుకున్నారో రాయకపోతే, వదులుకోవడం ఎంత బరువైనదో చదివేవారికి ఎలా తెలుస్తుంది? పేరయ్యగారు ఖాళీ మనసుతో ఒంగోలు రాలేదు. ఏళ్ళ తరబడి ధ్యానం చేసి, గురువులను సేవించి, తృప్తి లేక వెతుకుతూ వచ్చారు. ఆ వెతుకులాటను తీసేస్తే ఆయన దొర మాట విని తలూపిన అమాయకుడిగా మిగిలిపోతారు. కూటి కోసం చేరారన్న నిందకు కూడా అసలైన జవాబు అక్కడే ఉంది. కరువుకు పదేళ్ళ ముందే ఈ మనుషులు దేవుణ్ణి వెతుకుతున్నారు.

జాతర విధానాలు వర్ణించమని ఎవరూ అడగడం లేదు. ‘అంతకు ముందు మనవాళ్ళు’ అన్న ఒక అధ్యాయం, గౌరవంగా, నాలుగు పేజీలు ఉంటే చాలు.

సువార్త దీపం:
పేరయ్యగారి వెతుకులాట గురించి రాయడానికి నాకు అభ్యంతరం లేదు. మాతంగి కథల విషయంలో మాత్రం నా మాట అదే. సంఘ పెద్దల ముందు పెట్టి, వారు సరేనంటేనే చేర్చాలని కోరుతున్నాను.

చింతతోపు:
అలాగే చేస్తాను. పెద్దల ముందు రెండు అభిప్రాయాలూ యథాతథంగా చదువుతాను.

కాలవగట్టు:
ఆచరణకు సంబంధించిన మాట ఒకటి. బాప్తిస్మ రిజిస్టరు, పెళ్ళిళ్ళ రిజిస్టరు, సంఘ తీర్మానాల పుస్తకం మీ మందిరంలో ఉంటే వాటిని బయటికి పంపకండి. అక్కడే పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ప్రతి పేజీకీ ఫోటో తీయించండి. ఖాళీ పేజీలు కూడా వదలవద్దు. పాత సిరా వెలిసిపోయిన చోట తడి గుడ్డ పెట్టనివ్వకండి. పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేసేటప్పుడు క్లౌ గారి గురించి ముందుగా అడిగితే అందరూ ఒకే కథ చెబుతారు. బావి గురించీ, మొదటి ఉపదేశి గురించీ, తాటాకు కప్పు ఏ గాలివానకు ఎగిరిపోయింది, మళ్ళీ ఎవరు కప్పారు అన్నదాని గురించీ అడగండి. అప్పుడు ఊరి కథ వస్తుంది.

గుండ్లకమ్మ ఒడ్డు:
క్రిస్మస్ వారంలో పెట్టుకుంటే మంచిది. హైదరాబాదు, బెంగళూరు పోయినవాళ్ళంతా అప్పుడే ఊరికి వస్తారు. ముసలివాళ్ళు మనుమల ముందు చెప్పే తీరు వేరుగా ఉంటుంది. వెల్లంపల్లి రేవు చూడాలనుకుంటే ముందు రోజు ఇక్కడ రాయండి, నేను వచ్చి చూపిస్తాను.